జొన్నగింజలోని లిపియు, దానిని చదివించుకొను దరఖాస్తును



ఇటీవల మేము జొన్నచేను చూపించుచుండగా ఒక సభ్యుడు, "జొన్న పుట్టుపూర్వమంతయు అక్షరములుగా చదివినారట. ఆ చదువు మనకును దొరకునా, లేక కొన్నవారికేనా?" యని యడిగెను. ఆనాడు తృప్తికరముగా చెప్పలేకపోతిమి గనుక ఇచ్చట వ్రాయుచున్నాము.

గింజలోని ప్రతి కణమునందును డి.ఎన్.ఏ. యను మిక్కిలి సన్నని దారము గలదు. అది నాలుగే యక్షరములు గల లిపి. జొన్నయందు ఆ యక్షరములు సుమారు 73 కోట్లు. వానిని వరుస తప్పక పెద్దయెత్తున చదువు యంత్రములును, చదివినదానిని పొందుపరచు గణనయంత్రములును ప్రతి కళాశాలయు కొని పోషింపజాలదు. పది గ్రామములవారు కలిసి ఒక ధాన్యపు గిడ్డంగిని కట్టుకొనినట్లు, అమెరికా ఇంధన శాఖవారు 1997లో జాయింట్ జీనోమ్ ఇన్‌స్టిట్యూట్ అను సంస్థను నెలకొల్పిరి. అది 2019 నుండి కాలిఫోర్నియాలోని బర్క్లీయందు పనిచేయుచున్నది. మొదట మానవుని 5, 16, 19వ క్రోమోజోములను చదివినవారే పిమ్మట మొక్కలవైపునకును, సూక్ష్మజీవులవైపునకును మరలిరి. చొప్పనుండి ఇంధనము తీయవచ్చునా, నేల కర్బనమును ఎట్లు పట్టి యుంచును అను ప్రశ్నలు ఆ శాఖవే గదా! ఆ విధముగా జొన్న జన్యుక్రమము 2009లోను, కొఱ్ఱది 2012లోను ప్రకటింపబడినవి.

ఆ యంత్రములను వాడుకొన గోరు శాస్త్రజ్ఞు డే దేశమువాడైనను దరఖాస్తు పెట్టుకొనవచ్చును. ముందుగా తన యుద్దేశమును క్లుప్తముగా తెలుపు లేఖ పంపవలెను. అది నచ్చినచో పూర్తి దరఖాస్తు నడుగుదురు. బయటి పండితులు దానిని పరీక్షింతురు. ఇంధనమునకో పర్యావరణమునకో సంబంధించిన యే చిక్కు తీరును, ఈ జీవినే యేల యెన్నుకొంటివి, మచ్చులెన్ని, వచ్చిన ఫలితమును ఎవరు పరిశీలింతురు అని యడుగుదురు. మన సంఘమునందు అప్పు దరఖాస్తులో "వ్యవసాయ ఖర్చుల నిమిత్తము" అని యొక్క ముక్క వ్రాసి వేలిముద్ర వేయువారికి అచ్చట చోటు లేదు! దరఖాస్తు అంగీకరింపబడినచో చదువుటకు రుసుము లేదు. కాని మచ్చులను సేకరించుటకును, సిద్ధపరచుటకును వారు సొమ్మీయరు. ఫలితము మాత్రము లోకమున కందరకు తెరచి యుంచబడును. కావున ఆ సభ్యునికి మా యుత్తరము: జొన్న చదువు ఫైటోజోమ్ అను భాండాగారమున ఉచితముగా దొరకును. అది జొన్న పైరుపై పనిచేయు మన పరిశోధకులకును అందుబాటులో నున్నది.

ఇట్టి పనులలో మాకు మిక్కిలి నచ్చినది ఆవు కడుపును గూర్చినది. గడ్డి తిని జీర్ణించుకొనుట ఆవు గొప్ప కాదు, దాని మొదటి కడుపులోని సూక్ష్మజీవుల గొప్ప. ఆవు ప్రక్కను శస్త్రముచే ఏర్పరచిన ద్వారముగుండా స్విచ్‌గ్రాస్ అను గడ్డిని నైలాన్ సంచులలో లోపల నుంచి, మూడు దినముల పిమ్మట తీసి, దాని నంటుకొనిన సూక్ష్మజీవుల డి.ఎన్.ఏ. చదివిరి. చదివిన యక్షరములు 26,800 కోట్లు. గడ్డిని కరగించు పని చేయునని తోచిన జన్యువులు 27,755 బయటపడెను. 2011లో ప్రకటించిరి. మన కొట్టములో నిత్యము జరుగు పనియే, చూచినవారు లేరు.

అయితే యంత్రము అక్షరములను మాత్రమే చదువును. ఆ మచ్చు ఏ చేనిది, ఏ లోతుది, అంతకుముందు ఏ పైరుండెను అనునది చేని యజమాని చెప్పవలసినదే. ఈ సంగతి మేము సిగ్గుపడి నేర్చుకొంటిమి. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక పరిశోధనాలయమువారు కోరగా మూడు గ్రామములలో జొన్నవేళ్ల యొద్ద మట్టిని ఎనిమిది సంచులలో పోసి పంపితిమి. చీటీలపై గ్రామము పేరు మాత్రమే వ్రాసితిమి. అదియు వానకు తడిసి చెరిగెను. లోతు లేదు, తేదీ లేదు, ఎరువు వివరము లేదు. సంచులు పనికిరావని తెలియవచ్చెను. తప్పు మాదే. మట్టి నిచ్చిన రైతులు ఆ యేడంతయు "మా నేలలో ఏమున్నదండీ?" యని యడుగుచునే యుండిరి.

కాబట్టి గింజనో మట్టినో కోరి యెవరైన వచ్చినప్పుడు, ఎవరు మీరు, ఎచ్చటికి పంపుదురు, ఫలితమును మాకు తెలిపెదరా యని యడుగుడు. పిడికెడే గదా యని యూరకొనవలదు. 2002 జీవవైవిధ్య చట్టము ననుసరించి విదేశీయులు మన జీవసంపదను పరిశోధనకు గైకొనుటకు చెన్నపట్టణమునందలి జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ యనుమతి ముందుగా పొందవలెను. ప్రభుత్వము ఆమోదించిన సహకార పరిశోధనలకు వేరు పద్ధతి కలదు. తాతలనాటి నుండి మీరే కాపాడుకొనుచున్న వంగడమైనచో, 2001 చట్టము క్రింద దానిని రైతు వంగడముగా నమోదు చేయించుకొనవచ్చును.

మచ్చుతోబాటు కట్టవలసిన చీటీ నమూనాను సంఘ కార్యదర్శి యొద్ద నుంచితిమి. సిరాతో గాక పెన్సిలుతో వ్రాయుడు, తడిసినను చెరగదు.