గీత అంచున ఎదిగిన సాకా

ఫుట్‌బాల్ మైదానానికి రెండు పక్కలా ఉండే పొడవాటి గీతల వెంట దాడికి దిగే ఆటగాడిని వింగర్ అంటారు. గీత వెంబడి దూసుకెళ్లి గోల్ ముందున్న సహచరులకు బంతి అందించడం, లేదంటే లోపలికి చొచ్చుకొచ్చి తానే గోల్ కొట్టడం అతని పని. వేగం, కాళ్ల చురుకుదనం పదిహేడు పద్దెనిమిదేళ్లకే వచ్చేస్తాయి కాబట్టి క్లబ్బులు తరచుగా కుర్రాళ్లను పరీక్షించి చూసేది ఈ స్థానంలోనే. అలా వచ్చినవాళ్లలో చాలామంది ఒకటి రెండు సీజన్లు మెరిసి వెనకబడిపోతారు. ప్రత్యర్థులు ఎత్తుగడ పసిగట్టేస్తారు, మోటు ట్యాకిళ్లకు కాళ్లు దెబ్బతింటాయి, కోచ్ మారితే చోటు పోతుంది. వీటన్నిటినీ తట్టుకుని నిలబడ్డ వింగర్ ఇంగ్లండ్‌కు చెందిన బుకాయో సాకా. 2018 నుంచి 2024 వరకు సాగిన అతని తొలి ప్రయాణంలో కొంత కాలం తనది కాని స్థానంలో ఆడుతూ గడిచింది, కొంత కాలం కోట్ల మంది చూస్తుండగా చేసిన తప్పును దిద్దుకుంటూ గడిచింది.

ఈలింగ్ నుంచి హేల్ ఎండ్‌కు

సాకా 2001 సెప్టెంబరు 5న లండన్ పశ్చిమ భాగంలోని ఈలింగ్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు నైజీరియా నుంచి వలస వచ్చిన యొరూబాలు. బుకాయో అంటే వాళ్ల భాషలో ‘ఆనందాన్ని పెంచేవాడు’ అని అర్థం. ఏడేళ్ల వయసులో ఆర్సెనల్ క్లబ్ అకాడమీలో చేరాడు. ఆ అకాడమీ ఉన్న హేల్ ఎండ్ నగరానికి ఈశాన్యాన ఉంది. ఈలింగ్ పిల్లవాడు అక్కడికి వెళ్లాలంటే లండన్‌ను ఈ కొస నుంచి ఆ కొసకు దాటాలి. ఆ ప్రయాణం ఏళ్ల తరబడి సాగింది.

అకాడమీలో అడుగుపెట్టిన పిల్లల్లో పెద్ద జట్టు దాకా వచ్చేది కొద్దిమందే. సాకా ఇంట్లో ఆ సంగతి తెలుసు, అందుకే ఆట కోసం చదువు మాన్పించలేదు. గ్రీన్‌ఫర్డ్ హైస్కూల్లో చదివి, మన పదో తరగతి లాంటి జీసీఎస్ఈ పరీక్షల్లో ఎక్కువ సబ్జెక్టులకు ఏ-స్టార్, ఏ గ్రేడ్లు తెచ్చుకున్నాడు. మరోపక్క ఇంగ్లండ్ అండర్-16 నుంచి మొదలుపెట్టి వయోపరిమితి జట్లలో మెట్టుమెట్టుగా ఎదిగాడు. 17 ఏళ్లు నిండిన 2018 సెప్టెంబరులో ఆర్సెనల్‌తో తొలి ప్రొఫెషనల్ ఒప్పందం కుదిరింది.

87వ నంబరు జెర్సీ

పెద్ద జట్టు తరఫున సాకా తొలి మ్యాచ్ 2018 నవంబరు 29న యూరప్ క్లబ్బుల టోర్నీ అయిన యూరోపా లీగ్‌లో, ఉక్రెయిన్ క్లబ్ వోర్స్క్‌లా పోల్టావా మీద జరిగింది. ఆ దేశంలో కొన్ని ప్రాంతాల్లో సైనిక శాసనం విధించడంతో మ్యాచ్‌ను పోల్టావా నుంచి కీవ్‌కు మార్చారు. ఆర్సెనల్ 3-0తో గెలిచిన ఆ ఆటలో సాకా ఆరన్ రామ్సీ స్థానంలో సబ్‌స్టిట్యూట్‌గా దిగాడు. 2019 జనవరి 1న ఫుల్‌హామ్‌పై ఇంగ్లండ్ అగ్ర లీగ్ అయిన ప్రీమియర్ లీగ్‌లోకి అడుగుపెట్టి, 2001లో పుట్టినవారిలో ఆ లీగ్ ఆడిన మొదటి ఆటగాడయ్యాడు.

పేరు నలుగురి నోటా పడింది మాత్రం 2019 సెప్టెంబరు 19న. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఐన్‌ట్రాక్ట్ క్లబ్‌పై ఆర్సెనల్ మూడు గోల్స్ కొట్టింది. ఒకటి సాకాదే, మిగతా రెండింటికీ బంతి అందించింది అతనే. పద్దెనిమిదో పుట్టినరోజు అయి అప్పటికి పద్నాలుగు రోజులు.

అతని వీపు మీది అంకెలు కూడా ఈ ఎదుగుదలను చూపిస్తాయి. మొదటి సీజన్‌లో 87, రెండో సీజన్‌లో 77, 2020-21 నుంచి 7. పెద్ద క్లబ్బుల్లో పెద్ద అంకెలు సాధారణంగా అకాడమీ నుంచి అప్పుడే వచ్చినవాళ్లకు ఇస్తారు. 7వ నంబరు దక్కిందంటే జట్టు అతన్ని తన ముఖ్యుల్లో ఒకడిగా లెక్కగట్టినట్టే.

వింగర్‌కు డిఫెండర్ పాఠం

2019 చివర్లో ఆర్సెనల్ కష్టాల్లో పడింది. కోచ్ ఉనాయ్ ఎమరీని తొలగించి, ఒకప్పటి స్వీడన్ వింగర్ ఫ్రెడ్డీ లుంగ్‌బెర్గ్‌కు తాత్కాలికంగా బాధ్యత అప్పగించారు. అండర్-23 జట్టు కోచ్‌గా అతనికి సాకా ఆట బాగా తెలుసు. అదే సమయంలో లెఫ్ట్ బ్యాక్‌లు కీరన్ టియర్నీ, సెయాద్ కొలాసినాచ్ ఇద్దరూ గాయపడ్డారు. ఎడమవైపు రక్షణకు ఆడేవాళ్లు కరువై, ఎడమకాలి ఆటగాడైన సాకాను అక్కడ నిలబెట్టారు. డిసెంబరు 12న బెల్జియం క్లబ్ స్టాండర్డ్ లీజ్‌తో మ్యాచ్‌లో ఆర్సెనల్ 0-2తో వెనకబడింది. సాకా ఎడమ నుంచి వేసిన క్రాస్‌ను సహచరుడు లకాజెట్ తలతో గోల్ చేశాడు. కొద్ది నిమిషాలకే సాకా తానే రెండో గోల్ కొట్టి స్కోరు సమం చేశాడు.

ఆ నెలలోనే కోచ్‌గా వచ్చిన మికెల్ ఆర్టెటా కూడా సాకాను అక్కడే కొనసాగించాడు. దాడి చేసే కుర్రాడిని రక్షణలో ఆడించడం శిక్షలా కనిపించవచ్చు. సాకాకు మాత్రం అది చదువు అయింది. డిఫెండర్‌గా రోజూ ప్రత్యర్థి వింగర్లను ఎదుర్కోవడంతో, ఎలాంటి కదలిక డిఫెండర్‌ను ఇబ్బంది పెడుతుందో, ఏ క్షణంలో అతని బరువు తప్పు కాలి మీద పడుతుందో లోపలి నుంచి తెలిసింది. బంతి పోగానే వెనక్కి పరుగెత్తడం అలవాటైంది. ఈ అలవాటు లేకే ఎందరో వింగర్లు కోచ్‌ల నమ్మకం పోగొట్టుకుంటారు. 2020 అక్టోబరు 8న వెంబ్లీలో వేల్స్ మీద ఇంగ్లండ్ సీనియర్ జట్టుకు తొలిసారి ఆడినప్పుడు కూడా అతనిది ఎడమవైపు రక్షణనూ చూసుకునే వింగ్ బ్యాక్ స్థానమే. నైజీరియాకు ఆడే అర్హత ఉన్నా సాకా తాను పుట్టిన దేశాన్నే ఎంచుకున్నాడు.

కుడి పక్కన ఎడమకాలు

2020 డిసెంబరు 26న ఆర్సెనల్ వరసగా ఏడు లీగ్ మ్యాచ్‌లు గెలవని స్థితిలో చెల్సీతో తలపడింది. ఆర్టెటా ఆ రోజు సాకాను కుడి వింగ్‌లో ఆడించాడు. 3-1 విజయంలో మూడో గోల్ అతనిదే. కుడి నుంచి ఎత్తి పంపిన బంతి గోల్‌కీపర్ మెండీ తల మీదుగా వెళ్లి వలలో పడింది. అప్పటి నుంచి కుడి అంచు క్రమంగా అతని సొంత స్థానమైంది.

ఎడమకాలి ఆటగాడిని కుడివైపు ఎందుకు ఆడిస్తారో అతని ఆటను దగ్గర నుంచి చూస్తే అర్థమవుతుంది. గీత దగ్గర బంతి అందగానే సాకా దాదాపు ఆగిపోతాడు. ఎదుట ఉన్న డిఫెండర్ కూడా ఆగాలి. భుజం ఒక్కసారి కుడికి వంగుతుంది. ఆ దారిన గీత వెంబడి పోతే క్రాస్ వస్తుందని డిఫెండర్ అటు అడుగేస్తాడు. ఆ అడుగు పడీ పడగానే బంతి ఎడమకాలి అంచున లోపలికి జరుగుతుంది, ఎదుట గోల్ తెరుచుకుంటుంది, షాట్ వంపు తిరుగుతూ అవతలి స్తంభం వైపు వెళ్తుంది. కూత పెట్టి బోనస్ గీత వైపు కాలు చాచినట్టు చూపి, వెనక్కి తిరిగి మరొకరిని తాకే కబడ్డీ ఆటగాడి ఎత్తు ఇలాంటిదే. డిఫెండర్‌కు ఈ ఎత్తు ముందే తెలిసినా ప్రయోజనం తక్కువ. లోపలి దారి మూసేస్తే సాకా కుడికాలితో గీత వెంటే వెళ్లిపోతాడు, లేదా తన వెనక నుంచి పరుగెత్తుకొచ్చే రైట్ బ్యాక్‌కు బంతి వదులుతాడు.

వెంబ్లీ రాత్రి

కరోనా వల్ల ఏడాది ఆలస్యంగా 2021లో జరిగిన యూరప్ దేశాల టోర్నీ యూరో 2020లో, చెక్ జట్టుపై ఇంగ్లండ్ 1-0తో గెలిచిన మ్యాచ్‌లో సాకా ఉత్తమ ఆటగాడిగా నిలిచాడు. జులై 11న వెంబ్లీలో ఇటలీతో ఫైనల్ 1-1తో ముగిసి పెనాల్టీ షూటౌట్‌కు వెళ్లింది. ఇంగ్లండ్ తరఫున మూడో పెనాల్టీ తీసిన మార్కస్ రాష్‌ఫర్డ్ బంతిని స్తంభానికి కొట్టాడు. నాలుగోది, జేడన్ సాంచో కొట్టినది, గోల్‌కీపర్ డొన్నరుమ్మా ఆపాడు. ఐదోది సాకా వంతు. ఇటలీ 3-2తో ముందుంది. గోల్ అయితే పోటీ కొనసాగుతుంది, కాకపోతే కప్పు పోతుంది. సీనియర్ స్థాయిలో సాకా అంతకుముందు ఒక్క పెనాల్టీ కూడా తీయలేదు. వయసు 19 ఏళ్ల 10 నెలలు. డొన్నరుమ్మా దాన్నీ ఆపేశాడు.

ఆ రాత్రి నుంచే ముగ్గురు నల్లజాతి ఆటగాళ్ల మీద సోషల్ మీడియాలో జాతి దూషణలు వెల్లువెత్తాయి. పెనాల్టీలు ఎవరు తీయాలో నిర్ణయించింది తానేనని కోచ్ గారెత్ సౌత్‌గేట్ బాధ్యత నెత్తిన వేసుకున్నాడు. సాకా కొన్ని రోజుల తర్వాత ఒక ప్రకటన చేశాడు. తనకు వచ్చినలాంటి దూషణలు పిల్లలకు గానీ పెద్దలకు గానీ ఎదురుకాకూడదని, సోషల్ మీడియా సంస్థలు చేయాల్సింది చేయడం లేదని అందులో చెప్పాడు. మరోపక్క ఉత్తరాలు గుట్టలుగా వచ్చాయి. సెలవు ముగించుకుని శిక్షణ కేంద్రానికి తిరిగొచ్చేసరికి క్లబ్ సిబ్బంది వాటిని గోడ నిండా అంటించి ఉంచారు. ఆగస్టు 8న జరిగిన స్నేహపూర్వక మ్యాచ్‌లో ఆర్సెనల్ బద్ధశత్రువైన టాటెన్‌హామ్ అభిమానులే అతనికి చప్పట్లు కొట్టి, మద్దతుగా బ్యానర్ పట్టుకున్నారు.

అంకెల్లో ఎదుగుదల

2021-22 సీజన్‌ను మూడు ఓటములతో మొదలుపెట్టిన ఆర్సెనల్ పట్టికలో అట్టడుగుకు జారింది. సెప్టెంబరు 26న టాటెన్‌హామ్‌ను 3-1తో ఓడించిన మ్యాచ్‌లో సాకా ఒక గోల్ కొట్టి, మరొకదానికి పాస్ ఇచ్చాడు. వెంబ్లీ తర్వాత తొమ్మిది నెలలకు, 2022 ఏప్రిల్ 20న చెల్సీ మైదానంలో ఆట చివరి క్షణాల్లో ఆర్సెనల్‌కు పెనాల్టీ వచ్చింది. సాకా ముందుకొచ్చి గోల్ చేశాడు. మూడు రోజులకే మాంచెస్టర్ యునైటెడ్‌పై మరో పెనాల్టీని గోల్‌గా మలిచాడు.

ప్రీమియర్ లీగ్‌లో అతని గోల్స్ 2020-21లో 5, తర్వాతి సీజన్‌లో 11, ఆ తర్వాత 14, 2023-24లో 16. 2022-23లో 38 లీగ్ మ్యాచ్‌లూ ఆడి 11 గోల్స్‌కు బంతి అందించాడు. ఆ సీజన్‌లో ఆర్సెనల్ చాలాకాలం అగ్రస్థానంలో ఉండి చివరికి మాంచెస్టర్ సిటీకి టైటిల్ వదులుకుంది. సాకా మాత్రం ప్రొఫెషనల్ ఆటగాళ్ల సంఘం ఇచ్చే ఉత్తమ యువ ఆటగాడి పురస్కారం అందుకున్నాడు. 2022 ఖతార్ ప్రపంచకప్‌లో ఇరాన్‌పై రెండు, సెనెగల్‌పై ఒకటి, మొత్తం మూడు గోల్స్ చేశాడు. డిఫెండర్లు పదేపదే కాళ్లకు తన్నినా ఆర్సెనల్ తరఫున వరసగా 87 ప్రీమియర్ లీగ్ మ్యాచ్‌లు ఆడాడు. క్లబ్ చరిత్రలో అది రికార్డు. 2023 అక్టోబరులో గాయంతో మాంచెస్టర్ సిటీ మ్యాచ్‌కు దూరం కావడంతో ఆ వరస ఆగింది.

డ్యూసెల్‌డార్ఫ్‌లో మూడో పెనాల్టీ

యూరో 2024 క్వార్టర్ ఫైనల్ జులై 6న జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్‌లో జరిగింది. స్విట్జర్లాండ్‌పై సౌత్‌గేట్ సాకాను కుడివైపు వింగ్ బ్యాక్‌గా ఆడించాడు. గీత వెంట దాడి, వెనక్కొచ్చి రక్షణ, రెండూ ఒక్కడే చూసుకోవాల్సిన స్థానం అది. నాలుగున్నరేళ్ల కిందట లెఫ్ట్ బ్యాక్‌గా నేర్చుకున్న పాఠం అక్కడ పనికొచ్చింది. 75వ నిమిషంలో స్విట్జర్లాండ్ గోల్ కొట్టింది. 80వ నిమిషంలో సాకా కుడి నుంచి లోపలికొచ్చి, పెనాల్టీ బాక్సు బయటి నుంచే ఎడమకాలితో కొట్టిన షాట్ అవతలి స్తంభాన్ని తాకి లోపలికి వెళ్లింది.

మ్యాచ్ మళ్లీ షూటౌట్‌కు వెళ్లింది. ఇంగ్లండ్ మూడో పెనాల్టీ సాకా తీశాడు, గోల్ అయింది. ఇంగ్లండ్ 5-3తో గెలిచి సెమీఫైనల్ చేరింది. ఆ రోజుకు అతని వయసు 22 ఏళ్ల 10 నెలలు.