ఆ రెండు గంటలు మాకే ఉండనివ్వండి

కార్న్‌ఫ్లేక్స్ డబ్బా మీది కెలాగ్స్ పేరు మన ఇళ్లలోనూ తెలిసిందే. ఆ కంపెనీ పుట్టిన అమెరికా పట్టణం బ్యాటిల్ క్రీక్‌లో కార్మికులు దశాబ్దాల పాటు ఒక పట్టు మీద నిలబడ్డారు. అది జీతం పెంచమని పట్టిన పట్టు కాదు. ఇంకో రెండు గంటలు పనిచేస్తే వచ్చే డబ్బు వద్దు, ఆ రెండు గంటలు మాకే ఉండనివ్వండి అన్నారు.

1930 డిసెంబరులో మొదలైంది ఆ కథ. ఆర్థిక మాంద్యంతో ఊరూరా ఉద్యోగాలు ఊడుతున్న రోజులు. ఎనిమిదేసి గంటల మూడు షిఫ్టులు తీసేసి, ఆరేసి గంటల నాలుగు షిఫ్టులు పెట్టాడు యజమాని డబ్ల్యు.కె. కెలాగ్. ఒక షిఫ్టు పెరగడంతో పనిలేక తిరుగుతున్న కొన్ని వందల మందికి కొలువు దొరికింది. గంట కూలి 12.5 శాతం పెంచారు. అయినా రోజు సంపాదన తగ్గినట్టే. పాత లెక్కన ఎనిమిది డాలర్లు వచ్చేచోట ఆరుముప్పావు వస్తుంది. తగ్గినా చాలామంది కొత్త పద్ధతినే ఇష్టపడ్డారు. అలసట తగ్గి పని చురుగ్గా సాగింది, ఖర్చులు దిగివచ్చాయి. పాత ఎనిమిది గంటల కూలిని ఇప్పుడు ఆరు గంటలకే ఇవ్వగలుగుతున్నామని 1935లో ఆయనే పత్రికలకు చెప్పాడు.

మిగిలిన ఆ రెండు గంటలతో వాళ్లు ఏం చేశారన్నదే నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోస్తుంది. బెంజమిన్ హనికట్ అనే చరిత్రకారుడు అక్కడి కార్మికులతో మాట్లాడి 1996లో ఒక పుస్తకమే రాశాడు. పెరట్లో కూరగాయలు పండించారు, పండినవాటిని చలికాలానికి సీసాల్లో నిల్వ చేసుకున్నారు. బంతాటలు ఆడారు, వేటకు వెళ్లారు, ఇరుగుపొరుగుతో కూర్చుని కబుర్లు చెప్పుకున్నారు. పిల్లలతో గడిపారు. ఇందులో గొప్పగా చెప్పుకోదగ్గది ఏదీ లేదు కదా అనిపిస్తుంది. కానీ ఇవన్నీ మనిషి ఒంట్లో సత్తువ మిగిలి ఉన్నప్పుడే చేయగలిగే పనులు. రాత్రి తొమ్మిదికి ఆఫీసు క్యాబ్ దిగి, తిన్నామనిపించి మంచమెక్కే మనిషికి ఆదివారం కూడా నిద్రకే సరిపోతుంది.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో ప్రభుత్వం కోరడంతో కంపెనీ ఎనిమిది గంటలకు మారింది. యుద్ధం ముగిశాక, 1946లో ఓటు పెడితే స్త్రీలూ పురుషులూ భారీగా ఆరు గంటలకే మొగ్గారు. కానీ యాజమాన్యం మనసు అప్పటికే మారిపోయింది. పింఛను, బీమా లాంటివి తలకింత చొప్పున కట్టాల్సి వచ్చాక, ఎక్కువమందిని పెట్టుకోవడం కన్నా తక్కువమంది చేత ఎక్కువసేపు చేయించుకోవడమే కంపెనీలకు లాభం. ఎక్కువ గంటలకు ఎక్కువ డబ్బు చూపించారు. ఒక్కో విభాగమూ ఎనిమిది గంటలకు మారుతూ వచ్చింది.

డబ్బు ఒక్కటే ఈ మార్పు తేలేదు. ఆరు గంటల పని ఆడవాళ్లకూ అసమర్థులకూ తగిన పని అన్న చులకన మొదలైంది. మగవాడన్నాక పూర్తి రోజు పనిచేయాలట. తీరిక కోరుకోవడాన్నే నామర్దాగా మార్చిన ఆ మాటలు, నా దృష్టిలో, జీతం పెంపుకన్నా ఎక్కువ నష్టం చేశాయి. చివరిదాకా నిలబడిన ఐదు వందల పైచిలుకు మందిలో ఎక్కువమంది స్త్రీలే. పని వేరేచోటికి తరలిస్తామని కంపెనీ బెదిరించాక, 1985లో వాళ్లూ ఒప్పుకోక తప్పలేదు.

ఆ చులకన మనకూ కొత్త కాదు. యువత వారానికి 70 గంటలు పనిచేయాలని 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి అన్నారు. 2025లో ఎల్ అండ్ టీ ఛైర్మన్ సుబ్రహ్మణ్యన్ ఆ లెక్కను 90కి తీసుకెళ్లారు. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రోజువారీ పనివేళల గరిష్ఠ పరిమితిని 9 నుంచి 10 గంటలకు పెంచాలని నిర్ణయించింది. తెలంగాణ, వారానికి 48 గంటల హద్దు ఉంచుతూనే, వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల పనికి అనుమతించింది. ఉద్యోగుల్లో ఎవరు ఎంతసేపు పనిచేయాలనుకుంటున్నారన్న ప్రశ్న మాత్రం ఈ చర్చలో ఎక్కడా గట్టిగా వినపడలేదు.

జర్మనీలో ఆ ప్రశ్న అడిగారు. లోహ పరిశ్రమ కార్మిక సంఘం ఐజీ మెటల్ 2018లో కుదుర్చుకున్న ఒప్పందంలో ఏటా నెల జీతంలో 27.5 శాతం అదనపు చెల్లింపు ఉంది. చిన్నపిల్లలను పెంచేవాళ్లు, ఇంట్లో వృద్ధులనో రోగులనో చూసుకునేవాళ్లు, షిఫ్టుల్లో పనిచేసేవాళ్లు ఆ డబ్బుకు బదులు ఎనిమిది రోజుల సెలవు కోరుకోవచ్చు. ఆ డబ్బు విలువ ఆరు రోజులే, మిగతా రెండు రోజులూ యాజమాన్యం కలిపింది. రెండు లక్షల మందికి పైగా సెలవుకే దరఖాస్తు పెట్టుకున్నారు.

అక్కడా ఇక్కడా పరిస్థితి ఒకటి కాదు, నిజమే. హోటల్లో పన్నెండు గంటలు నిలబడి, ఓవర్‌టైమ్ డబ్బుతో పిల్లల ఫీజు కట్టే మనిషికి తీరికగా బతకమని చెప్పడం అన్యాయం. ముందు గంట కూలి పెరగాలి. బ్యాటిల్ క్రీక్‌లోనూ పనిగంటలు తగ్గించిన రోజే కూలి రేటు పెంచారు. కానీ బేరమాడగల సంఘాలున్న సింగరేణి, విశాఖ ఉక్కు లాంటి చోట్ల ఇది ఇప్పుడే మొదలుపెట్టొచ్చు. రాబోయే వేతన ఒప్పందంలో రూపాయల కోరికల పక్కనే ఇంకొక్కటి చేర్చాలి: పెరిగే జీతంలో కొంత భాగాన్ని, కోరుకున్నవాళ్లు సెలవు రోజులుగా తీసుకునే వీలు.