పెక్కు పద్దులలో ఒక్క మనిషి

భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923వ సంవత్సరమున బందరులో నెలకొల్పిన ఆంధ్రా బ్యాంకు, తొంబదియారేండ్లకు పైగా తెలుగువారి పొదుపును భద్రపరచిన పిమ్మట, 2020 ఏప్రిల్ 1వ తేదీన కార్పొరేషన్ బ్యాంకుతో కూడ యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో విలీనమయ్యెను. మూడు బ్యాంకులును ఫినకిల్ అను ఒకే సాఫ్ట్‌వేరుపై నడచుచుండుట ఈ కలయికకు అనుకూలించు విషయములలో ఒకటిగా ఆనాడు చెప్పబడెను. అయినను, సాఫ్ట్‌వేరు ఒకటియైనంత మాత్రమున పద్దులొకటి కాజాలవు. గుంటూరులోని ఒక మిర్చి వర్తకునకు ఒక బ్యాంకులో పొదుపు ఖాతాయు, మరియొకదానిలో బంగారముపై తీసికొన్న అప్పును, మూడవదానిలో ఫిక్సెడ్ డిపాజిట్టును ఉన్నవనుకొందము. మూడుచోట్ల అతనికి మూడు కస్టమరు నంబర్లుండును. అతని పేరు మూడు తీరుల వ్రాయబడియుండును. ఒకచోట పాత ఇంటి చిరునామాయు, వేరొకచోట దుకాణపు చిరునామాయు నిలిచియుండును. ఈ మువ్వురును ఒక్కడే యను సంగతి మాత్రము ఆ మూడింటిలో ఏ పద్దునందును వ్రాసియుండదు.

ఈ చిక్కు విలీనములతోనే పుట్టినది కాదు. ఒకే సంస్థలోపల సైతము ఖాతాలకొక వ్యవస్థ, ఋణములకొక వ్యవస్థ, క్రెడిట్ కార్డులకు వేరొకటి, బీమాకు ఇంకొకటి, మొబైల్ యాప్‌నకును ఫిర్యాదుల నమోదునకును మరి రెండు, ఇట్లు వేర్వేరు కాలములందు వేర్వేరు విభాగములవారు తమ తమ అవసరములనుబట్టి కొనిన సాఫ్ట్‌వేర్లు నడచుచుండును. ఋణముల వ్యవస్థకు లోన్ నంబరు ప్రధానము. కార్డులదానికి కార్డు నంబరు. యాప్‌నకు మొబైల్ నంబరు. మనిషి ప్రతిదానియందును ఉన్నాడు గాని, దేనియందును కేంద్రముగా లేడు.

ఇందువలన కలుగు నష్టము గుమాస్తాల శ్రమతో ముగియదు. బ్యాంకు కూలిపోయినయెడల డిపాజిట్ ఇన్సూరెన్స్ కార్పొరేషను చెల్లించు 5 లక్షల రూపాయల పరిమితి ఒక్కొక్క ఖాతాకు కాదు, ఒక బ్యాంకులో ఒక డిపాజిట్‌దారునకు. కావున ఏయే ఖాతాలు ఒక్కనివో తెలియనిదే ఆ లెక్క తేలదు. తండ్రి గతించిన పిదప ఆయన సొమ్ము ఎక్కడెక్కడ దాచబడియున్నదో ఎరుగక తల్లడిల్లు కుటుంబములెన్నియో కలవు. పదియేండ్లు కదలిక లేని డిపాజిట్లు రిజర్వు బ్యాంకు నిర్వహించు నిధికి చేరిపోవుచుండగా, అట్టివానిని పలు బ్యాంకులలో ఒకేసారి వెదకుటకై రిజర్వు బ్యాంకు 2023లో ‘ఉద్గమ్’ అను పోర్టలును తెరచినది. అంతకు మున్నే, 2012లో, ప్రతి బ్యాంకును తన ప్రతి ఖాతాదారునకును ఒక్కటే గుర్తింపు సంఖ్యను ఈయవలెనని ఆదేశించియుండెను. ఆదేశము న్యాయమైనదే, కాని దానిని నెరవేర్చుటకు ముందు పాత పద్దులలో ఎవరెవరో తేల్చుకొనవలెను. బ్యాంకులవారు డీ-డూప్ అని పిలుచు ఈ తేల్చుకొనుటయందే శాస్త్రమున్నది.

ఈ శాస్త్రమునకు బీజము వ్యాపారములో పడలేదు. 1946లో అమెరికా జనన మరణ గణాంక కార్యాలయాధిపతి హాల్బర్ట్ డన్, ప్రతి మనిషియు పుట్టుకతో మొదలై మరణముతో ముగియు ఒక జీవితగ్రంథమును సృష్టించుచున్నాడనియు, వేర్వేరు రికార్డులుగానున్న దాని పుటలను ఒక సంపుటముగా కూర్చు పనియే రికార్డ్ లింకేజ్ అనియు నిర్వచించెను. కెనడాలోని చాక్ రివర్ అణుపరిశోధన కేంద్రమున పనిచేయుచుండిన జన్యుశాస్త్రజ్ఞుడు హొవర్డ్ న్యూకోంబ్, రేడియేషను ప్రభావము తరతరములకు ఎట్లు సంక్రమించునో తెలిసికొనగోరి, బ్రిటిష్ కొలంబియాలోని జనన పత్రములను తల్లిదండ్రుల వివాహ పత్రములతో కంప్యూటరుచే జతపరచి, ఆ విధానమును 1959లో ప్రకటించెను. 1969లో కెనడా గణాంకశాఖకు చెందిన ఐవన్ ఫెలెగి, ఆలన్ సంటర్ అనువారలు దానికి గణిత సిద్ధాంతమును సమకూర్చిరి. శిశువుల ఆరోగ్యమును గూర్చిన చింత నుండి పుట్టిన ఈ విద్యయే నేడు బ్యాంకులును దుకాణములును కొనుచున్న ఖరీదైన సాఫ్ట్‌వేర్లలో పెక్కింటికి మూలమై యున్నది.

మొదటి చిక్కు పేర్లతో వచ్చును. లక్ష్మి అను పేరును ఇంగ్లీషు లిపిలో ఒక గుమాస్తా ‘ఎల్, ఎ, కె, ఎస్, హెచ్, ఎమ్, ఐ’ అని వ్రాయును. మరియొకడు ‘ఎల్, ఎ, ఎక్స్, ఎమ్, ఐ’ అని వ్రాయును. అక్షరమక్షరముగా పోల్చు కంప్యూటరునకు ఇవి రెండు వేర్వేరు పేర్లు. అమెరికాలో రాబర్ట్ రస్సెల్ 1918లో పేటెంటు పొందిన పద్ధతి నుండి పెరిగిన సౌండెక్స్ దీనికొక ఉపాయము చెప్పుచున్నది. మొదటి అక్షరమును నిలుపుకొని, అచ్చులను, హెచ్ వంటి అక్షరములను విడిచి, ధ్వనిలో సన్నిహితములైన హల్లులకు ఒకే అంకె నిచ్చుచు, అంకెలు మూడగువరకు వ్రాయవలెను. కె, ఎస్, ఎక్స్ అక్షరములకు 2. ఎమ్, ఎన్‌లకు 5. ప్రక్కప్రక్కన వచ్చిన ఒకే అంకెను ఒక్కసారియే గ్రహింపవలెను. చాలనిచోట సున్న చేర్పవలెను. ఇట్లు చేయగా ఇద్దరు లక్ష్ములును ‘ఎల్ 250’ యే యగుదురు. హల్లులను ఉచ్చారణస్థానమునుబట్టి వర్గములుగా తీర్చిన మన వర్ణమాల నెరిగినవానికి ఈ ఉపాయము పరాయిదిగా తోపదు. కాని దీని హద్దును వెంటనే కనబడును: ‘రెడ్డి’కిని ‘రాధ’కును కూడ ‘ఆర్ 300’ అనియే వచ్చుచున్నది.

పైగా తెలుగు పేర్ల చిక్కు వేరు. ఇంటిపేరు ముందు వచ్చుట, అది ఒకచోట పూర్తిగాను మరియొకచోట ఇనీషియల్‌గాను ఉండుట, ఫారములో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అను గడులు తారుమారగుట, వివాహానంతరము స్త్రీ ఇంటిపేరు మారుట, వీనిలో ఏదియు సౌండెక్స్‌నకు అందునది కాదు. తెలుగు ఖాతాదారుల పద్దులను కలుపబూనిన వారు ఇంటిపేరును, ఇనీషియల్‌ను, అసలు పేరును విడదీయు సాధనమును ముందు నిర్మించుకొననిదే పోలికకు పూనుకొనరాదని నా దృఢాభిప్రాయము. పరదేశపు పేర్లకై చేసిన సాఫ్ట్‌వేరును ఉన్నదున్నట్లు నెలకొల్పుటవలన మన స్త్రీల పద్దులే అధికముగా చీలిపోవును.

ఒక్క పేరుతోనే ఎవరిని ఎవరని తేల్చలేము గదా! ఫెలెగి, సంటర్ల సిద్ధాంతము ప్రతి అంశమును గూర్చియు రెండు ప్రశ్నలు వేయును. రెండు పద్దులును నిజముగా ఒక్కనివే యైనచో ఈ అంశము కలియుటకు అవకాశమెంత? వేర్వేరు మనుష్యులవైనచో కేవలము యాదృచ్ఛికముగా కలియుటకు అవకాశమెంత? మొదటిదానిని రెండవదానిచే భాగించి లాగరిథము తీసినచో వచ్చునది ఆ అంశపు తూనిక. అంశము కలియనిచోట తూనిక ఋణాత్మకమగును. అన్నింటిని కూడగా వచ్చునది ఆ జంట విలువ. వ్రాతతప్పులను ప్రక్కన బెట్టి, రెండు ఆధారముగా లెక్కించినచో, స్త్రీపురుష భేదము కలియుటకు తూనిక సుమారు 1, పుట్టిన నెల కలియుటకు 3.6, పదిమందిలో ఒకరికుండు పేరు కలియుటకు 3.3, పదివేలమందిలో ఒకరికే యుండు ఇంటిపేరు కలియుటకు 13.3. అరుదైన పేరు కలియుట బలమైన సాక్ష్యమని న్యూకోంబ్ ముందే గ్రహించి యుండెను. పుట్టినతేదీయును గట్టి సాక్ష్యమే. కాని మన పల్లెలలో, బడిలో చేర్చునాడు అందాజుగా వేసిన జూలై 1, జనవరి 1 వంటి తేదీలు ఎందరికో పుట్టినతేదీలై నిలిచిపోయినవి. అట్టి తేదీ కలిసినప్పుడు తూనికను తగ్గింపవలెను. తేదీల వారీగా లెక్క తీసినచో ఇది పద్దులలోనే బయటపడును. ఆ లెక్క తీయవలెనని తోచుటకు మాత్రము మన ఊళ్లను ఎరిగినవాడు ఆ పనిలో ఉండవలెను.

పోల్చవలసిన జంటల సంఖ్యయు అల్పము కాదు. 10 లక్షల పద్దులను మరి 10 లక్షల పద్దులతో పోల్చినచో జంటలు లక్ష కోట్లు. కావున పుట్టిన సంవత్సరము, పిన్‌కోడు వంటివానినిబట్టి పద్దులను గుంపులుగా విభజించి, ఒకే గుంపులోనివానినే పోల్చుదురు; రెండు వైపులను నూరేసి పద్దుల గుంపులు పదివేలు చేసినచో జంటలు 10 కోట్లకు దిగివచ్చును. ఊరు మారినవాడు గుంపు తప్పిపోకుండ వేరొక అంశముతో మరల గుంపులు కట్టుట ఆనవాయితీ.

ఆ సిద్ధాంతమందలి ఉత్తమభాగము ఇంకను చెప్పలేదు. అది జంటలను రెండుగా గాక మూడుగా విభజించును: ఒక్కరే యనదగినవి, వేరనదగినవి, ఈ రెంటి నడుమ నిలిచినవి. రెండు విధముల తప్పులును ఎంత మేరకు సహింపదగునో మనము ముందుగా నిర్ణయించినచో, నడిమి భాగమును వీలైనంత చిన్నది చేయు నియమమేదో గణితము చూపును. ఆ నడిమివానిని మనిషి స్వయముగా, కేవైసీ కాగితములు ఎదుట పెట్టుకొని చూడవలెను. ఖర్చు తగ్గునని ఈ నడిమి భాగమును తీసివేసి సమస్తమును యంత్రమునకే విడుచుట పొరపాటని గట్టిగా చెప్పెదను. ఏలయన రెండు తప్పులును సమానములు కావు. ఒక్కని పద్దులు విడివిడిగా మిగిలిపోయినచో అతనికి అసౌకర్యము. ఇద్దరి పద్దులు ఒకటిగా కలిసిపోయినచో ఒకని బకాయి మరియొకని నెత్తిన పడును, ఒకని సొమ్ము వివరములు మరియొకని కంటబడును.

మొబైల్ నంబరు ఈ ప్రమాదమునకు ప్రధాన ద్వారము. పల్లెలో నాయనమ్మ పింఛను ఖాతాకును, తల్లి డ్వాక్రా సంఘపు అప్పునకును, మనుమని యాప్‌నకును ఇంటిలోనున్న ఒక్క ఫోను నంబరే ఇచ్చియుందురు. నంబరు కలిసినచో మనిషి కలిసినట్లే యని నమ్ము వ్యవస్థ నాయనమ్మను తల్లితోను, తల్లిని మనుమనితోను జతచేసి, తుదకు మూడు తరములను ఒక్క ఖాతాదారునిగా చేయును. అదిగాక, వాడుక మానిన నంబరు కొన్నాళ్లకు టెలికాం కంపెనీచే వేరొకరికి ఈయబడును. అప్పుడు అపరిచితులే ఒక్కటగుదురు. కావున ఒక్క అంశము ఎంత బలముగా కలిసినను దానిని మాత్రమే నమ్మి రెండు పద్దులను కలుపరాదు.

డేవిడ్ రాబ్ 2013లో పేరు పెట్టిన కస్టమర్ డేటా ప్లాట్‌ఫామ్‌లు నేడు ఈ ఏకీకరణమును అమ్మకములు పెంచు సాధనముగా ప్రచారము చేయుచున్నవి. బీమాకై ఇచ్చిన వివరము అప్పు అమ్ముటకు వాడబడుట నాకు సమ్మతము కాదు. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టమును అడిగిన ప్రయోజనమునకే వివరమును వాడవలెనన్న దృష్టితో వ్రాయబడినది, తప్పును దిద్దించుకొను హక్కును ఖాతాదారున కిచ్చినది. ఆ హక్కు కాగితముపై మిగిలిపోకుండుటకు పద్దులను కలుపు తీరులోనే మార్గముండవలెను. మూల పద్దులను చెరిపి ఒక్కటిగా వ్రాయుట కాదు, పూలను దారమున గ్రుచ్చినట్లు వానిని వానిగానే ఉంచి, ఫలానా మూడు నంబర్లు ఒక్కనివని వేరొక పట్టికలో సూచింపవలెను. ఏ చిరునామా చెల్లునో ఆ మూడింటినుండి ఎప్పటికప్పుడు ఎంచుకొనవలెను. ఏ తేదీన, ఏయే అంశములు కలియుటవలన, ఎంత విలువతో, ఎవరి ఆమోదముతో జతచేయబడినదో ప్రతి సూచన ప్రక్కను నిలుపవలెను. అట్లున్ననాడు, ‘అయ్యా, ఈ అప్పు నాది కాదు’ అని ఖాతాదారుడు కౌంటరు వద్దకు వచ్చినచో, గుమాస్తా ఆ వరుసను తెరచి, కలిసినవి పేరును జూలై 1వ తేదీయు మాత్రమేయని చూచి, అచటనే ఆ ఇద్దరిని విడదీయగలుగును.