వంశపారంపర్య కొలెస్టరాల్ – ప్రకృతి చికిత్స తోడ్పాటు

మితాహారులై, నియమజీవనం గడుపుచున్నప్పటికీ కొందరి రక్తంలో కొలెస్టరాల్ అధికంగా ఉంటుంది. ఇది వారి దోషం కాదు. చెడు కొలెస్టరాల్‌ను కాలేయం గ్రహించుటకు తోడ్పడే జన్యువులో పుట్టుకతో వచ్చిన లోపమే ఇందుకు కారణం. సుమారు 250 మందిలో ఒకరికి ఈ లోపం ఉంటుంది. తల్లిదండ్రులలో ఒకరికి ఉన్నచో, ప్రతి బిడ్డకూ సంక్రమించే అవకాశం సగం.

బార్లీ, పప్పుధాన్యాలు, ఇసబ్‌గోల్‌లలోని కరిగే పీచు ప్రేగులలోని పైత్యరసాన్ని పట్టి బయటకు పంపుతుంది. ఆ లోటు పూరించుటకు కాలేయం రక్తంలోని కొలెస్టరాల్‌ను వినియోగిస్తుంది. నేయి, వెన్న, వనస్పతి తగ్గించుట, నిత్యం నడచుట మేలు.

అయితే ఇవి ఔషధానికి తోడు మాత్రమే, ప్రత్యామ్నాయం కావు. వైద్యులు సూచించిన మాత్రలను యాత్రలోనైనా, ఉపవాసదీక్షలోనైనా స్వయంగా మానరాదు. పిన్నవయసులో గుండెపోటు వచ్చినవారున్న కుటుంబంలో పిల్లలతో సహా అందరూ రక్తపరీక్ష చేయించుకొనవలెను. నేతి ప్రసాదాన్ని కన్నులకద్దుకొని రవ్వంత స్వీకరించినా భక్తికి లోటు లేదు.