చైనాలో విదేశీ విశ్వవిద్యాలయాలు: 'శాఖ' అనే మాట, 'సహనిర్వహణ' అనే చట్టం

వ్యాససంగ్రహం

చైనాలోని విదేశీ విశ్వవిద్యాలయ ప్రాంగణాలను 'శాఖా ప్రాంగణాలు' అని వ్యవహరించడం పరిపాటి. చైనా చట్టం మాత్రం వాటిని శాఖలుగా కాక, చైనా సంస్థ, విదేశీ సంస్థ కలసి నడిపే విద్యాలయాలుగా గుర్తిస్తుంది. ఈ భేదం పేరుకే పరిమితం కాదు. పాలకమండలి కూర్పు, అధ్యక్షుని ఎంపిక, పట్టాల స్వరూపం, బోధనాస్వేచ్ఛ దానితో ముడిపడి ఉన్నాయి. ఆ నిర్మాణాన్ని వివరించి, భారతదేశం 2023లో ఎంచుకొన్న మార్గంతో పోల్చి చూడడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: ఉన్నతవిద్య, చైనా, శాఖా ప్రాంగణం, సహనిర్వహణ, బోధనాస్వేచ్ఛ, విదేశీ పట్టాలు.

1. ఉపోద్ఘాతం

ఇంగ్లండుకు చెందిన నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయం జెజియాంగ్ వాన్లీ విద్యాసమూహంతో కలసి 2004లో నింగ్బో నగరంలో విశ్వవిద్యాలయాన్ని నెలకొల్పింది. ఈ తరహా సంస్థలలో ఇది మొదటిది. 2006లో సూజౌలో షియాన్ జియావోతోంగ్-లివర్‌పూల్ విశ్వవిద్యాలయం ఏర్పడింది. న్యూయార్క్ విశ్వవిద్యాలయం, ఈస్ట్ చైనా నార్మల్ విశ్వవిద్యాలయం కలసి స్థాపించిన ఎన్.వై.యు. షాంఘైలో 2013లో తొలి పట్టస్థాయి విద్యార్థులు చేరారు. వూహాన్ విశ్వవిద్యాలయ భాగస్వామ్యంతో ఏర్పడిన డ్యూక్ కున్షాన్ 2014లో తరగతులు ప్రారంభించింది. ఇది కేవలం ఆంగ్ల దేశాల వ్యవహారం కాదు. మాస్కో స్టేట్ విశ్వవిద్యాలయం షెన్‌జెన్‌లోనూ, ఇజ్రాయెల్‌కు చెందిన టెక్నియాన్ షాంతౌలోనూ చైనా సంస్థలతో కలసి విద్యాలయాలు స్థాపించాయి.

2. పదం – భావం

ఈ సంస్థలకు చైనీయులు వాడే పదబంధం 'ఝోంగ్‌వై హత్సువో బాన్‌ష్వే'. ఇందులో 'ఝోంగ్' చైనాను, 'వై' వెలుపలి దేశాలను, 'హత్సువో' సహకారాన్ని, 'బాన్‌ష్వే' విద్యాలయ నిర్వహణను సూచిస్తాయి. శాఖ అనే అర్థం ఈ పదబంధంలో ఎక్కడా లేదు. శాఖ అన్నప్పుడు కాండం మరొకచోట ఉందన్న భావన కలుగుతుంది. అధికారం మాతృసంస్థ నుండి ప్రవహిస్తుందని తోస్తుంది. చైనా పదం ఇద్దరు నిర్వాహకులను సూచిస్తుంది. అందువల్ల తెలుగులో 'సహనిర్వహణ విద్యాలయం' అనడం వాస్తవానికి దగ్గరగా ఉంటుంది.

3. చట్టనిర్మాణం

ఈ రంగానికి సంబంధించి చైనా 1995లో తాత్కాలిక నిబంధనలు జారీ చేసింది. 2001 డిసెంబరులో ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరినప్పుడు, విదేశీ విద్యాసంస్థలు సంయుక్త విద్యాలయాల రూపంలో ప్రవేశించడానికి అంగీకరించింది. 2003 సెప్టెంబరు 1న అమలులోకి వచ్చిన నిబంధనావళి నేటి వ్యవస్థకు పునాది. దాని ముఖ్యాంశాలు ఇవి:

అ) విదేశీ సంస్థ ఒంటరిగా విద్యాలయం స్థాపించరాదు, చైనా విద్యాసంస్థ భాగస్వామిగా ఉండాలి.
ఆ) పాలకమండలిలో చైనా సభ్యులు సగానికి తగ్గరాదు.
ఇ) అధ్యక్షుడు చైనా పౌరుడై, చైనాలో నివసించేవాడై ఉండాలి.
ఈ) నిర్బంధ విద్య, సైనిక, పోలీసు, రాజకీయ విద్యలలో ఈ సహనిర్వహణకు తావు లేదు.

ఎన్.వై.యు. షాంఘై ఈ నిర్మాణానికి చక్కని ఉదాహరణ. దాని తొలి చాన్సలర్ యూ లిజోంగ్. ఆయన అంతకుముందు ఈస్ట్ చైనా నార్మల్ విశ్వవిద్యాలయ అధ్యక్షుడు. కార్నెల్ విశ్వవిద్యాలయ పూర్వాధ్యక్షుడు జెఫ్రీ లేమన్ వైస్‌చాన్సలర్‌గా నియమితులయ్యారు. చట్టం కోరిన పదవి ఒకరిది, విదేశీ పక్షపు విద్యాబాధ్యత మరొకరిది.

సహనిర్వహణలో మూడు స్థాయులున్నాయి. మొదటిది స్వతంత్ర న్యాయప్రతిపత్తి గల విశ్వవిద్యాలయం. రెండవది చైనా విశ్వవిద్యాలయంలో అంతర్భాగమైన కళాశాల. మూడవది ఒక పాఠ్యక్రమానికి పరిమితమైన ఒప్పందం. పేరుపొందినవి మొదటి స్థాయివే అయినా, సంఖ్యలో అధికం మూడవ స్థాయివి. విదేశీ పేరును మాత్రమే అరువు తెచ్చుకొనే ధోరణిని అరికట్టడానికి, విదేశం నుండి తెచ్చిన పాఠ్యాంశాలు, విదేశీ అధ్యాపకుల బోధన కనీసం మూడవ వంతు ఉండాలని విద్యా మంత్రిత్వ శాఖ 2006లో నిర్దేశించింది. 2018లో 234 సంయుక్త సంస్థలు, కార్యక్రమాల ముగింపును ప్రకటించింది.

4. ప్రయోజనాల పంపిణీ

స్థానిక ప్రభుత్వాల ప్రోత్సాహం లేనిదే ఈ విద్యాలయాలు వెలసేవి కావు. డ్యూక్ ప్రాంగణానికి భూమిని, భవనాలను సమకూర్చినది కున్షాన్ నగరమే. నగరానికి ప్రతిష్ఠ, పరిశ్రమలకు నిపుణులు లభిస్తారు. విదేశీ సంస్థకు పెద్ద పెట్టుబడి లేకుండానే విద్యార్థులు దొరుకుతారు. స్వదేశం వదలకుండా విదేశీ పట్టా పొందే వీలు విద్యార్థికి కలుగుతుంది. అయితే పట్టాల స్వరూపం అన్నిచోట్లా ఒకటి కాదు. నింగ్బోలో చదివినవారికి నాటింగ్‌హామ్ పట్టా లభిస్తుంది. సూజౌలో లివర్‌పూల్ పట్టాతో పాటు అక్కడి విశ్వవిద్యాలయం సొంత పట్టా కూడా లభిస్తుంది.

5. బోధనాస్వేచ్ఛ

అసలైన సమస్య తరగతిగదిలో ఉంది. చైనాలో అమెరికా విశ్వవిద్యాలయాలు నడిపే 12 సంస్థలను పరిశీలించి అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2016లో నివేదిక వెలువరించింది. ఒప్పందపత్రాలలో బోధనాస్వేచ్ఛను కాపాడే వాక్యాలు సాధారణంగా ఉన్నాయని, తరగతిలో తమకు ఆంక్షలు ఎదురు కాలేదని చాలామంది చెప్పారని అది పేర్కొంది. అదే నివేదిక స్వీయనియంత్రణ ఉనికినీ గుర్తించింది. నిర్బంధం లేని అంతర్జాల సౌకర్యం సగం కంటే తక్కువ సంస్థలలోనే ఉన్నట్లు తెలిపింది. ఒప్పందంలోని వాక్యం అధ్యాపకునికి రక్షణ కల్పించవచ్చు. ప్రశ్న అడగడానికి జంకే విద్యార్థి మౌనాన్ని ఆ వాక్యం తొలగించలేదు. విదేశీ పట్టా విలువ ప్రధానంగా విమర్శనాత్మక చింతనపై ఆధారపడినదైతే, ఆ మౌనం పట్టా విలువనే ప్రశ్నిస్తుంది.

6. భారతీయ సందర్భం

జాతీయ విద్యావిధానం–2020 ప్రపంచశ్రేణి విశ్వవిద్యాలయాలను ఆహ్వానించింది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2023 నవంబరులో నిబంధనలను ప్రకటించింది. వీటి ప్రకారం భారతీయ భాగస్వామి తప్పనిసరి కాదు. ప్రవేశాలు, రుసుములు, నియామకాలలో విదేశీ సంస్థకు విస్తృతమైన స్వయంప్రతిపత్తి ఉంది. గురుగ్రామ్‌లో సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం 2025లో తరగతులు ప్రారంభించింది. సూజౌలో భాగస్వామితో నడిచే లివర్‌పూల్ విశ్వవిద్యాలయమే బెంగళూరులో సొంత ప్రాంగణానికి 2025లో అనుమతి పత్రం పొందింది. ఒకే సంస్థ చైనాలో సహనిర్వాహకురాలు, భారతదేశంలో యజమాని.

ఈ పోలిక ఒక పాఠం నేర్పుతుంది. చైనా భాగస్వామ్యాన్ని తప్పనిసరి చేసి, బోధనాపద్ధతులు స్వదేశీ సంస్థలకు చేరే దారిని ఏర్పరచుకొంది. దానితోపాటు నియంత్రణనూ నిలుపుకొంది. భారతదేశం నియంత్రణను సడలించింది. కానీ స్థానిక విశ్వవిద్యాలయానికి ఆ జ్ఞానం చేరే మార్గాన్ని నిబంధనలలో తప్పనిసరి చేయలేదు.

7. ముగింపు

చైనాలోని ఈ విద్యాలయాలను శాఖలుగా భావిస్తే వాటి విజయాలూ పరిమితులూ రెండూ అర్థం కావు. అవి రెండు వ్యవస్థల మధ్య జరిగిన ఒడంబడికలు. పాలకమండలిలో సగం స్థానాలు ఎవరివి, పట్టాపై ముద్ర ఎవరిది, తరగతిలో ప్రశ్నకు చోటు ఎంత అనే మూడు ప్రశ్నలతో ఏ ఒడంబడికనైనా పరీక్షించవచ్చు. విదేశీ ప్రాంగణాలు తలుపు తడుతున్న ఈ తరుణంలో భారతీయ అధ్యాపకులు, పరిశోధకులు 'స్థానిక విశ్వవిద్యాలయానికి మిగిలేదేమిటి?' అనే నాలుగవ ప్రశ్నను కూడా వేయవలసి ఉంది.