మీకు తెలుసా? అరిజోనా దాటకుండానే గంట ముందుకు!

వేసవిలో గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్ నుంచి మాన్యుమెంట్ వ్యాలీకి కారులో బయల్దేరితే, అరిజోనా రాష్ట్రం దాటకముందే గడియారం గంట ముందుకు జరుగుతుంది.

కారణం ఇదీ. అరిజోనా 1968 నుంచి వేసవి సమయాన్ని (వేసవిలో గడియారాన్ని గంట ముందుకు జరిపే పద్ధతిని) పాటించడం లేదు. మాన్యుమెంట్ వ్యాలీ ఉన్న నవాహో నేషన్, అంటే నవాహో తెగవాళ్ల ప్రాంతం, మాత్రం పాటిస్తుంది. వాళ్ల భూభాగం అరిజోనా, న్యూ మెక్సికో, యూటా మూడింట్లోనూ పరుచుకుని ఉంది మరి. తమ ప్రజలందరికీ ఒకే సమయం ఉండాలి కదా! మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా ఈ తేడా ఉంటుంది.

అసలు విచిత్రం దారిలో వచ్చే ట్యూబా సిటీ దగ్గర. అది నవాహో ఊరు. దాన్ని ఆనుకునే ఉన్న మోయెన్‌కోపి హోపీ తెగవాళ్లది. నాలుగు వైపులా నవాహో భూమే ఉన్నా హోపీలు అరిజోనా సమయాన్నే పాటిస్తారు. ట్యూబా సిటీలో పదకొండైతే పక్కనే మోయెన్‌కోపిలో ఇంకా పదే! సెల్‌ఫోన్ ఏ టవర్‌ను పట్టుకుంటే ఆ సమయం చూపిస్తుంది కాబట్టి దాన్ని నమ్ముకోవద్దు.

ఇంకో మాట. పేజ్ ఊరి పక్కనున్న యాంటిలోప్ కాన్యన్ నవాహో నేల మీదే ఉన్నా, అక్కడి టూర్లు నడిచేది అరిజోనా సమయం ప్రకారమే. మాన్యుమెంట్ వ్యాలీ, యాంటిలోప్ కాన్యన్ రెండూ ఒకే రోజు చూడాలనుకుంటే, టికెట్ మీది సమయం ఎక్కడిదో ముందే అడిగి రాసిపెట్టుకోండి.