కొత్త ఫోను తాళంచెవి ఎవరి దగ్గర?

కొత్తగా కొన్న స్మార్ట్‌ఫోనును వాడకానికి సిద్ధం చేయడాన్ని దుకాణాల్లో ‘సెటప్’ అంటారు. "కాస్త సెట్ చేసిపెట్టు బాబూ" అని అడిగితే కౌంటరు వెనక కుర్రాడు చేసిపెట్టేది అదే. భాషను ఎంచుకోవడం, సిమ్మును గుర్తించనివ్వడం, ఇంటర్నెట్టుకు కలపడం, గూగుల్ ఖాతా తెరవడం, తెరకు తాళం పెట్టడం, పాత ఫోనులోని ఫొటోలనూ నంబర్లనూ కొత్తదానిలోకి తెచ్చుకోవడం, ఇవన్నీ తయారీదారుల లెక్కలో పది నిమిషాల పని. అయితే ఆ లెక్క కొన్ని ఊహల మీద నిలబడింది. ఫోనును ఒక్క మనిషే వాడతారని, ఆ మనిషికి సొంత ఈమెయిలు ఉంటుందని, తెర మీద కనిపించే ప్రతి వాక్యాన్నీ చదివాకే ఒప్పుకుంటారని, పాత ఫోను ఇంకా పనిచేస్తూ చేతిలోనే ఉంటుందని ఫోను నమ్ముతుంది. బాపట్ల జిల్లా రేపల్లె మండలంలోని పెనుమూడి వంటి ఊళ్లలో ఈ నాలుగింటిలో ఒక్కటైనా తప్పని ఇల్లు అరుదు గనుక, కొత్త ఫోనుతో పడే చిరాకు చాలావరకు యంత్రం లోపం వల్ల గాక ఈ పొంతన కుదరకపోవడం వల్లే పుడుతుంది.

పెనుమూడి కృష్ణానది కుడి ఒడ్డున, నది సముద్రాన్ని చేరడానికి ఎంతో దూరం లేని చోట ఉంది. ఎదురుగా పులిగడ్డ, దాని వెనక దివిసీమ. ఇప్పుడు వంతెన ఈ రెండు ఒడ్లనూ కలుపుతున్నా, అంతకు ముందు అవతలికి పోవాలంటే రేవు దాటవలసిందే. ఫోను కొనాలంటే దగ్గరలోని రేపల్లె బజారుకో, ఇంకాస్త ఎంపిక కావాలంటే 1916లో వేసిన రైలు మార్గం మీదుగా తెనాలికో వెళ్లాలి. ఈ దూరం సెటప్ విషయంలో చిన్నది కాదు. ఫోను దుకాణంలో సిద్ధమై ఊరికి వస్తుంది, తిరకాసు మాత్రం ఇంటికి చేరాక బయటపడుతుంది; దాన్ని విప్పడానికి మళ్లీ ఒక పూట పని మానుకుని బస్సెక్కాలి.

తిరకాసుల్లో మొదటిది, మిగిలిన వాటికి మూలమైనది, గూగుల్ ఖాతా. ఆండ్రాయిడ్ అనేది గూగుల్ సంస్థ రూపొందించిన నిర్వహణ వ్యవస్థ, అంటే ఫోనులోని తక్కిన ప్రోగ్రాములన్నిటినీ నడిపించే మూల ప్రోగ్రాము. మన దేశంలో అమ్ముడయ్యే ఫోన్లలో అత్యధిక భాగం దానిమీదే నడుస్తాయి. దానిలో యాప్‌లు దించుకునే ప్లే స్టోరు తెరుచుకోవాలంటే సాధారణంగా ఒక జీమెయిల్ చిరునామా, దానికొక పాస్‌వర్డు కావాలి. కొనుగోలుదారుకు అవి లేకపోతే, లేదా ఉన్నా గుర్తులేకపోతే, దుకాణంలోని కుర్రాడు పేరుకు నాలుగంకెలు తగిలించి అప్పటికప్పుడు ఒక కొత్త చిరునామా పుట్టిస్తాడు, నోటికొచ్చిన పాస్‌వర్డు పెడతాడు, ఫోను పనిచేస్తోందని చూపించి చేతిలో పెడతాడు. దానిలో మోసమేమీ లేదు. వెనక నలుగురు నిలబడి ఉన్నప్పుడు అంతకన్నా చేయగలిగింది కూడా లేదు. కానీ ఆ పాస్‌వర్డు ఏ కాగితం మీదా ఉండదు, డబ్బా మూత మీదా ఉండదు. ఇల్లు కట్టించుకున్నవారికి గృహప్రవేశం రోజున తాళంచెవి ఇవ్వడం మేస్త్రి మరచిపోతే ఎలా ఉంటుందో ఇదీ అంతే, కాకపోతే ఇక్కడ తలుపు ముందే తెరిచి ఉండటంవల్ల చెవి లేదన్న సంగతి ఎవరికీ తట్టదు.

తలుపు మూసుకునే రోజు తప్పక వస్తుంది. పిల్లవాడు ఆడుకుంటూ తెర తాళపు నమూనా మార్చేస్తాడు. లేదా ఫోను మందగించిందని ఎవరో సలహా ఇస్తే దాన్ని ‘రీసెట్’ చేస్తారు, అంటే లోపల దాచినదంతా చెరిపి కొన్ననాటి స్థితికి తెస్తారు. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 5.1 నుంచి ఒక రక్షణ ఉంది: సెట్టింగ్స్ ద్వారా గాక పక్క బటన్లు నొక్కిపట్టి అలా చెరిపేస్తే, ఫోను తిరిగి తెరుచుకునేటప్పుడు అంతకు ముందున్న గూగుల్ ఖాతా వివరాలనో, పాత తెర తాళాన్నో అడుగుతుంది. దొంగిలించిన ఫోనును అమ్ముకోలేకుండా చేయడానికి పెట్టిన ఈ ఏర్పాటు మంచిదే. అయితే పాస్‌వర్డు తెలియని అసలు యజమానికీ దొంగకూ మధ్య తేడా తెలుసుకునే దారి ఫోనుకు లేదు. ఖాతా తిరిగి దక్కించుకోవడానికి గూగుల్ ఓటీపీ పంపిస్తానంటుంది. ఓటీపీ అంటే ఒక్కసారికే చెల్లే అంకెల గుర్తు. అది వెళ్లేది ఖాతా తెరిచిన రోజు ఇచ్చిన నంబరుకు. ఆ నంబరు రీచార్జి లేక ఎప్పుడో ఆగిపోయి ఉంటే, లేదా దుకాణంవారిదే అయి ఉంటే, ఇక దారి దాదాపు మూసుకుపోయినట్టే. కొన్నిసార్లు గూగుల్ మరో మాట అంటుంది: పాత ఫోనులో ‘అవును, నేనే’ అన్న గుర్తు నొక్కమని. ఆ పాత ఫోను ఎక్స్ఛేంజిలో అదే దుకాణానికి వెళ్లిపోయి, అప్పటికే ఖాళీ అయి ఉంటుంది.

కొత్త ఖాతా వల్ల జరిగే మరో నష్టం వాట్సాప్‌లో కనిపిస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో వాట్సాప్ సందేశాల నకలు, దాన్నే ‘బ్యాకప్’ అంటారు, గూగుల్ ఖాతాకు చెందిన నిల్వలో భద్రమవుతుంది. నంబరు పాతదే అయినా ఖాతా మారితే ఆ నకలు కొత్త ఫోనుకు కనిపించదు. పైగా దాన్ని తిరిగి తెచ్చుకునే ‘రిస్టోర్’ అవకాశం వాట్సాప్‌లో నంబరు నమోదు చేసిన వెంటనే ఒక్కసారే తెర మీదికి వస్తుంది. తొందరలో దాన్ని దాటేస్తే, యాప్‌ను తీసేసి మళ్లీ మొదటి నుంచి వేసుకోవాలి. హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్న పిల్లలు పంపిన ఫొటోలు, చనిపోయిన పెద్దల గొంతు రికార్డులు అందులోనే ఉంటాయి గనుక, పాత నకలు పాత జీమెయిల్ కింద ఉందన్న ఒక్క వాక్యం దుకాణంలో ఎవరైనా చెబితే బాగుండునని తరవాత అనిపిస్తుంది.

డబ్బు చెల్లింపుల యాప్‌ల సంగతి ఇంకాస్త ముడిపడి ఉంటుంది. 2016లో మొదలైన యూపీఐ, అంటే బ్యాంకు ఖాతా నుంచి ఖాతాకు ఫోను ద్వారా తక్షణం డబ్బు పంపే పద్ధతి, ఫోనును సిమ్ముతో కట్టిపడేస్తుంది. యాప్‌ను కొత్త ఫోనులో తెరవగానే అది ఆ ఫోనులోని సిమ్ము నుంచి తానే ఒక ఎస్సెమ్మెస్ పంపి, ఆ నంబరు బ్యాంకులో నమోదైనదేనా అని చూసుకుంటుంది. ఎస్సెమ్మెస్ సౌకర్యం లేని చవక రీచార్జి వేసుకున్నా, రెండు సిమ్ముల్లో బ్యాంకుకు సంబంధం లేనిదాన్ని ఎంచుకున్నా, ‘ధ్రువీకరణ విఫలమైంది’ అన్న మాటే తప్ప కారణం తెలియదు. డ్వాక్రా సంఘంలో ఉన్న ఒక ఇల్లాలి బ్యాంకు ఖాతాకు భర్త నంబరు, భర్త ఖాతాకు కొడుకు నంబరు జోడై ఉన్న ఇంట్లో, ఆమె చేతికి సొంత ఫోను వచ్చినా యూపీఐ రాదు. ముందు బ్యాంకుకు వెళ్లి నంబరు మార్పించుకోవాలి. 2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘మన మిత్ర’ పేరుతో వాట్సాప్ ద్వారా 161 సేవలు ప్రారంభించాక, ఫోను చేతిలో ఉండటం సరదా నుంచి అవసరంగా మారింది. ఈ చిక్కుల బరువు కూడా అంతే పెరిగింది.

ఇక భాష. ఫోను తెరవగానే అడిగే మొదటి ప్రశ్న అదే, తెలుగు పాఠకుడికి ఎక్కువ ఆసక్తి కలిగించేదీ అదే. భారతదేశంలో అమ్మే ఫోన్లు 22 భారతీయ భాషల్లో సందేశాలు చూపగలగాలని, ఇంగ్లీషు, హిందీలతో పాటు మరో భారతీయ భాషలోనైనా రాసే వీలు కల్పించాలని కేంద్రం 2016లో నియమం పెట్టింది. దానికి ముందు, చాలా ఫోన్లలో తెలుగు అక్షరాల చోట ఖాళీ డబ్బాలు కనిపించేవి, లేదా ఒత్తులు అక్షరం కింద చేరకుండా పక్కన చతికిలబడేవి. ఈ కష్టానికి కారణం మన లిపి అల్లికలో ఉంది. ప్రపంచ లిపులన్నిటికీ అంకెలు కేటాయించే యూనికోడ్ ప్రమాణంలో తెలుగుకు 1991 నుంచీ చోటుంది. కానీ ‘జ్ఞా’ అన్న ఒక్క రూపాన్ని యంత్రం జ, పొల్లు, ఞ, దీర్ఘం అనే నాలుగు సంకేతాలుగా దాచుకుని, చూపేటప్పుడు ఒకే ముద్దగా పేర్చాలి. ఈ పేర్పులో పొరపాటు జరిగితే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. సరిగ్గా ఇదే అక్షరం, మధ్యలో కంటికి కనిపించని ఒక సంకేతంతో కలిసి సందేశంలో వస్తే, ఐఫోన్లలో ఆ సందేశం చూపే యాప్ కుప్పకూలిపోయేది. ఫిబ్రవరి 19న ఆపిల్ సంస్థ ఐఫోన్ల నిర్వహణ వ్యవస్థ అయిన ఐఓఎస్‌లో 11.2.6 రూపాన్ని విడుదల చేసి ఆ లోపాన్ని సరిదిద్దింది. విజ్ఞానానికీ జ్ఞానానికీ మూలమైన అక్షరమే కాలిఫోర్నియా ఇంజినీర్లకు కొరకరాని కొయ్య కావడం చూసి తెలుగువారు కొంత గర్వంగా నవ్వుకున్నా నవ్వుకుని ఉండవచ్చు.

చూపడం కుదిరాక రాయడం మిగులుతుంది. 1990ల తొలినాళ్లలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయపు తెలుగువారు రూపొందించిన ఆర్‌టీఎస్ పద్ధతి, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు పలుకును రాస్తే తెలుగులోకి మారే దారి చూపింది. 2006లో వచ్చిన లేఖిని అనే సాధనం అదే దారిని వెబ్‌లో సామాన్యులకు అందించింది. నేటి ఫోన్లలో ‘ఏబీసీ నుంచి తెలుగు’ అని కనిపించే కీబోర్డు ఆ వంశంలోనిదే. కానీ కొత్త ఫోనులో అది దానంతట అది రాదు. కీబోర్డు సెట్టింగ్స్‌లోకి వెళ్లి, భాషలు అన్న చోట తెలుగును కలిపి, రెండు మూడు రకాల అమరికల్లో ఒకటి ఎంచుకోవాలి. ఇంగ్లీషు అక్షరాల్లో ‘ela unnav’ అని రాయవలసిన మాటను ‘ఎలా ఉన్నావ్’ అని రాయగలిగే సౌకర్యం అన్ని కొత్త ఫోన్లలోనూ ఉండి కూడా ఎక్కువమందికి అందకపోవడానికి ఈ నాలుగు మెట్లే కారణం. 2017 ఆగస్టులో గూగుల్ తెలుగులో మాట్లాడితే రాసిపెట్టే ఏర్పాటు తెచ్చింది. వలలు సర్దుతున్న చేతులకూ, చదువు రాని పెద్దలకూ కీబోర్డు కన్నా ఇదే ఉపకారి.

అయినా ఫోను మొత్తాన్ని తెలుగులోకి మార్చుకున్నవారు కొన్నాళ్లకే తిరిగి ఇంగ్లీషుకు పోవడం తరచు జరుగుతుంది, దానికి భాషాభిమానం లేకపోవడం కారణం కాదు. ఫోనులో ఏదైనా ఆగిపోతే మేనల్లుడికి ఫోను చేస్తారు. అతను "సెట్టింగ్స్‌లోకి పో అత్తా, కింద నెట్‌వర్క్ అని ఉంటది చూడు" అంటాడు. ఆమె తెరమీద ఆ మాటలకు అనువాదాలు ఉంటాయి తప్ప ఆ మాటలు ఉండవు. అనువాదకులు ఎవరి నోటా లేని పదాలను ఎంచుకున్న చోట, సాయం చేసేవారికీ సాయం కోరేవారికీ మధ్య భాష తెగిపోతుంది. జనం రోజూ అనే ‘నెట్ ఆన్ చెయ్యి’, ‘హాట్‌స్పాట్’, ‘సైలెంట్’ వంటి మాటలను తెలుగు లిపిలో అలాగే ఉంచివుంటే ఈ బెడద ఉండేది కాదు.

అడగకుండానే ఫోనులో వచ్చి కూర్చున్న యాప్‌ల మీద ఫిర్యాదు మాత్రం ఊరికీ నగరానికీ ఒకటే. 64 జీబీ అని డబ్బా మీద రాసిన ఫోను, కంప్యూటరు లెక్కలో దాదాపు 60 జీబీ మాత్రమే చూపిస్తుంది. దానిలోనూ మూల ప్రోగ్రాము, తయారీదారు యాప్‌లు, గూగుల్ యాప్‌లు తమ వాటా తీసుకున్నాకే కొన్నవారి వంతు. ఆండ్రాయిడ్ ఫోన్లలో గూగుల్ యాప్‌లను కట్టగట్టి పెట్టించడం మార్కెట్ ఆధిపత్యాన్ని దుర్వినియోగం చేయడమేనని భారత పోటీ కమిషన్ 2022 అక్టోబరు 20న ఆ సంస్థకు ₹1,337.76 కోట్ల జరిమానా విధించింది. 2023 మార్చి 29న అప్పీలు ట్రిబ్యునల్ జరిమానాను సమర్థించినా, ముందే వేసిన యాప్‌లను వాడకందారు పూర్తిగా తీసేసుకునే వీలు ఇవ్వాలన్న ఆదేశాన్ని పక్కన పెట్టింది. అందువల్ల చాలా యాప్‌లకు ‘అన్‌ఇన్‌స్టాల్’ బదులు ‘డిజేబుల్’ అన్న మాటే కనిపిస్తుంది, అంటే యాప్ పోదు, నిద్రపోతుంది. ప్రభుత్వానికీ ఈ మోజు లేకపోలేదు: పోయిన ఫోన్లు, ఫోను మోసాలపై ఫిర్యాదుకు ఉద్దేశించిన సంచార్ సాథీ యాప్‌ను కొత్త ఫోన్లన్నిటిలో ముందే పెట్టాలని టెలికాం శాఖ 2025 నవంబరు చివర ఆదేశించి, విమర్శలు రావడంతో డిసెంబరు 3న వెనక్కి తీసుకుంది. ఇవి పోను, వాల్‌పేపరు, రింగుటోను, తాళం తెర మీద దొర్లే వార్తా ప్రకటనల వంటివి ఒక సాయంత్రం ఓపికతో సర్దుకునేవే.

ఈ తీరానికి ప్రత్యేకంగా ముఖ్యమైన సెట్టింగు ఒకటుంది, సెటప్ తెరలేవీ దాని ఊసెత్తవు. సెల్ బ్రాడ్‌కాస్ట్ అంటే ఒక ప్రాంతంలోని టవర్లు తమ పరిధిలో ఉన్న ఫోన్లన్నిటికీ ఒకేసారి హెచ్చరిక పంపే పద్ధతి. నంబర్ల జాబితాతో దానికి పని లేదు. దేశంలో దీన్ని 2023లో పరీక్షించారు, ఆ ఏడాదే మోగిన పెద్ద శబ్దపు పరీక్ష సందేశాలు చాలామందికి గుర్తుండే ఉంటాయి. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమను ముంచి వేలమందిని పొట్టనపెట్టుకున్నప్పుడు ఇలాంటి ఏర్పాటు ఊహకు కూడా అందేది కాదు. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. ఈ హెచ్చరికల కోసం ఫోనులో ‘సేఫ్టీ అండ్ ఎమర్జెన్సీ’ అన్న చోట ‘వైర్‌లెస్ ఎమర్జెన్సీ అలర్ట్స్’ అనే వరుస ఉంటుంది. కొన్ని ఫోన్లలో ఇది మెసేజి సెట్టింగ్స్ లోపల దాగి ఉంటుంది. పరీక్ష రోజున ఆ మోతకు ఉలిక్కిపడి దాన్ని ఆపేసుకున్నవారు తిరిగి తెరుచుకోవాలి. దానికి జీమెయిల్ అక్కర్లేదు, పాస్‌వర్డు అక్కర్లేదు, నెట్ బ్యాలెన్సు కూడా అక్కర్లేదు. ఫోనులో ఛార్జింగు, గాలివానలో టవరుకు కరెంటు మిగిలి ఉండాలి.